సర్వే నంబరు లేని పాఠాలు: డిజిటల్ తెలుగులో లంకె, శకల సూచిక, సంపాదక బాధ్యత

1. సమస్య స్వరూపం

గత రెండు దశాబ్దాలలో తెలుగు కావ్యాలు, శాసన సంపుటాలు, స్థానిక చరిత్రలు పెద్ద సంఖ్యలో అంతర్జాలానికి చేరాయి. ఈ చేరికను తెలుగు పరిశోధన రంగం ఒక విజయంగా జమకట్టుకున్నది. ఎన్ని పుటలు స్కాన్ అయ్యాయి, ఎన్ని సంపుటాలు అందుబాటులోకి వచ్చాయి అన్న లెక్కలే నివేదికలలో కనిపిస్తాయి. ఆ పుటలలోని ఒక పంక్తిని, ఒక పద్యాన్ని, ఒక వాక్యాన్ని వేలుపెట్టి చూపడం సాధ్యమా అన్న ప్రశ్నకు ఆ నివేదికలలో చోటు లేదు. పరిశోధనకు ప్రాణం ఆ రెండవ ప్రశ్నలోనే ఉన్నది. ఎక్కడున్నదో చూపలేని సాక్ష్యం బీరువాలో ఉన్నా, అంతర్జాలంలో ఉన్నా దాని విలువ ఒక్కటే.

ఈ వ్యాసం నిలబెట్టదలచిన వాదం ఇది: ఎక్స్‌ఎంఎల్ పత్రాలలో లంకెలు, శకల సూచికలు పనిచేసే తీరు సాంకేతిక సిబ్బందికి అప్పగించి చేతులు దులుపుకోదగిన విషయం కాదు, అది పాఠ పరిష్కరణలో అంతర్భాగం. పాఠంలోని ఏ భాగానికి గుర్తింపు ఇవ్వాలి, ఆ గుర్తింపు ఎంతకాలం చెక్కుచెదరకుండా ఉండాలి, పాఠాన్ని సవరించినప్పుడు దాని గతి ఏమిటి అన్న మూడు ప్రశ్నలకు సమాధానం చెప్పవలసినవారు ఆ పాఠాన్ని చదవగలిగినవారే. ఆ బాధ్యతను తెలుగు శాఖలు స్వీకరించనంత కాలం డిజిటల్ తెలుగు సర్వే నంబరు లేని పొలంతో సమానం. నేల ఉంటుంది గాని హక్కును రుజువు చేసే ఆధారం ఉండదు.

ఈ పోలిక రాయలసీమకు పరాయిది కాదు. 1800 నుంచి 1807 వరకు దత్తమండలాల ప్రిన్సిపల్ కలెక్టరుగా ఉన్న థామస్ మన్రో ఈ ప్రాంతంలో పొలాలను ఒక్కొక్కటిగా కొలిపించి లెక్కకెక్కించాడు. సర్వే నంబరు అన్న భావన ఆనాటి నుంచి రైతు వ్యవహారంలో పాతుకుపోయింది. పొలం చేతులు మారినా, వేరుశనగకు బదులు కొర్ర వేసినా, వానలు లేక బీడుపడినా నంబరు మారదు. అన్నదమ్ములు పంచుకుంటే 45వ నంబరు 45/1, 45/2 అవుతుంది. పక్కనున్న 46 మాత్రం 46గానే నిలుస్తుంది. గుర్తింపు వేరు, గుర్తింపు పొందిన వస్తువులో జరిగే మార్పులు వేరు అన్న వివేకం ఇందులో ఉన్నది. ఎక్స్‌ఎంఎల్‌లోని శకల సూచికకు ఆధారం కూడా ఆ వివేకమే.

2. శకల సూచిక పనిచేసే విధం

ఎక్స్‌ఎంఎల్ 1998 ఫిబ్రవరిలో వరల్డ్ వైడ్ వెబ్ కన్సార్షియం సిఫారసుగా వెలువడింది. పాఠంలోని ప్రతి భాగాన్నీ పేరు గల ట్యాగుల మధ్య ఉంచడం దాని పద్ధతి. ఆశ్వాసంలో పద్యం, పద్యంలో పాదం అన్నట్లు ఒకదానిలో ఒకటి ఇమిడి ఉండే ఈ భాగాలను మూలకాలు అంటారు. మూలకానికి ఐడి అనే గుర్తింపు పేరును జోడించవచ్చు. ఒకే పత్రంలో ఒక ఐడి రెండు మూలకాలకు ఉండరాదన్నది నియమం. మొదట్లో ఏది ఐడి అన్నది పత్ర నిర్వచనం చదివితే తప్ప యంత్రానికి తెలిసేది కాదు. ఈ ఇబ్బందిని తొలగించడానికి 2005 సెప్టెంబరులో ‘ఎక్స్‌ఎంఎల్:ఐడి’ అన్న సార్వత్రిక రూపం సిఫారసైంది. నిర్వచనం తోడు లేకపోయినా ఏ పత్రంలోనైనా దానిని గుర్తుపట్టవచ్చు.

వెబ్ చిరునామాలో # గుర్తుకు ముందున్న భాగం పత్రాన్ని తెలుపుతుంది. తరువాత ఉన్న భాగం పత్రంలోని అంశాన్ని తెలుపుతుంది. ఈ రెండవ భాగమే ఫ్రాగ్మెంట్ ఐడెంటిఫైయర్. ఈ వ్యాసంలో దానిని శకల సూచిక అని వ్యవహరించడం జరిగింది. శకల సూచికను బ్రౌజరు సర్వరుకు పంపదు. పత్రం మొత్తం పాఠకుని యంత్రానికి చేరిన తరువాత, ఆ పేరు గల మూలకాన్ని ఆ యంత్రమే వెదకుతుంది. సాధారణంగా కనిపించే ఈ ఏర్పాటుకు ఒక తీవ్రమైన పర్యవసానం ఉన్నది. పత్రమే లేకపోతే ‘దొరకలేదు’ అన్న సమాచారం వస్తుంది. పత్రం ఉండి శకలం లేకపోతే ఏ హెచ్చరికా రాదు. పాఠకుడు పత్రం మొదటి పంక్తి దగ్గర నిలిచిపోతాడు. తెగిన లంకె తెగినట్లు కూడా తెలియదు. అచ్చు పుస్తకంలో పుట సంఖ్య తప్పితే ఆ పుట తెరిచినవారికి తప్పు వెంటనే పట్టుబడుతుంది. ఇక్కడ తప్పు మౌనంగా ఉండిపోతుంది.

శకల సూచికకు అర్థం పత్రం రకాన్ని బట్టి ఉంటుందన్నది 2005 జనవరి నాటి ఆర్‌ఎఫ్‌సీ 3986 ప్రమాణం చెప్పిన రెండవ విషయం. పీడీఎఫ్ పత్రంలో అది పుటను సూచించగలదు. అయితే ఆ పుట ఫైలులోని వరుస సంఖ్య. ముఖపత్రం, పీఠిక కలుపుకొని లెక్కించిన సంఖ్య. గ్రంథంలో అచ్చయిన పుట సంఖ్యకు అది సరిపోకపోవడమే సాధారణం. ఎక్స్‌ఎంఎల్ పత్రానికి 2003 మార్చిలో సిఫారసైన ఎక్స్‌పాయింటర్ చట్రం రెండు మార్గాలు చూపింది. మొదటిది, ఐడిని నేరుగా పేర్కొనడం. రెండవది, మూలకాలను లెక్కపెడుతూ పోవడం: మొదటి మూలకంలోని నాలుగవ దానిలో మూడవది అన్నట్లు. 2014లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 7303 ఈ రెండింటినీ ఎక్స్‌ఎంఎల్ పత్రాలకు వర్తింపజేసింది. ప్రమాణం రెండు దారులనూ తెరిచింది గనుక ఏ దారి పట్టాలన్నది సంపాదకుని నిర్ణయం.

3. లెక్కపెట్టే సూచన, పేరుపెట్టే సూచన

లెక్కపెట్టే సూచన ఎవరి శ్రమా కోరదు. సంపాదకుడు ఒక్క ఐడి కూడా ఇవ్వకపోయినా యంత్రం ఏ మూలకాన్నైనా ఆ పద్ధతిలో చూపగలదు. అందుకే అది ఆకర్షణీయంగా కనిపిస్తుంది. అందుకే అది ప్రమాదకరం కూడా. పీఠికలో ఒక్క పేరా చేరిస్తే దాని వెనుక ఉన్న సంఖ్యలన్నీ జరిగిపోతాయి. నిన్న పన్నెండవ పద్యాన్ని చూపిన లంకె నేడు పదకొండవ పద్యాన్ని చూపుతుంది. ఇది తెగిన లంకె కంటే హీనం. తెగిన లంకె ఏమీ చెప్పదు. జరిగిన లంకె అబద్ధం చెబుతుంది. పరిశోధన వ్యాసంలోని ఆధారం, వ్యాసకర్తకు తెలియకుండానే, మరొక పద్యం మీదికి మారిపోతుంది.

అక్షరాలను లెక్కించి సూచన చేసే పద్ధతులు తెలుగుకు మరింత ఇబ్బంది కలిగిస్తాయి. టెక్స్ట్ ఎన్‌కోడింగ్ ఇనిషియేటివ్ మార్గదర్శకాలు ఒక పేరాలో ఇన్నవ స్థానం నుంచి ఇన్నవ స్థానం వరకు అని చూపడానికి కూడా పద్ధతులు ఇచ్చాయి. స్థానం అంటే అక్కడ యూనికోడ్ సంకేతం. తెలుగువారు అక్షరం అని పిలిచేది కాదు. ‘కైఫీయత్తు’ అన్న మాటనే తీసుకొంటే అందులో అక్షరాలు నాలుగు: కై, ఫీ, య, త్తు. యూనికోడ్ సంకేతాలు తొమ్మిది. పైగా ఐత్వాన్ని యూనికోడ్ రెండు విధాలుగా రాయనిస్తుంది: ఒకే గుర్తుగా ఒక విధం, ఎత్వానికి కింది గుర్తు చేర్చి మరొక విధం. రెండవ విధంలో సంకేతాలు పది. కంటికి రెండు మాటలూ ఒక్కటే. లెక్కపెట్టే యంత్రానికి మాత్రం ఆ తరువాతి స్థానాలన్నీ ఒకటి చొప్పున జరిగినట్లే. స్థాన సంఖ్య త్తు మధ్యలో పడితే ఒత్తు ఒకవైపు, హల్లు ఒకవైపు తెగిపోతాయి. తెలుగు లిపి స్వభావం తెలిసినవారెవరూ ఈ పునాది మీద ఉల్లేఖన వ్యవస్థను కట్టరు. అయినా తెలుగు శాఖలు ఈ చర్చలో లేనందువల్ల, లిపి స్వభావం తెలియనివారే ఆ నిర్ణయం చేస్తున్నారు.

పేరుపెట్టే సూచనకు శ్రమ ఎక్కువ. ప్రతి పద్యానికీ, ప్రతి పంక్తికీ ఎవరో ఒకరు పేరు ఇవ్వాలి. అయితే ఆ శ్రమే సంపాదకత్వం. పద్యం ఎక్కడ మొదలైంది, వచనం ఎక్కడ ముగిసింది, ఈ పంక్తి స్వతంత్రమా, వెనుకటి పంక్తికి కొనసాగింపా అని నిర్ణయించకుండా పేరు పెట్టడం సాధ్యం కాదు.

తెలుగు సాహిత్య సంప్రదాయానికి ఈ ఆలోచన కొత్తది కూడా కాదు. పర్వం, ఆశ్వాసం, పద్య సంఖ్యలతో మహాభారత పద్యాన్ని ఉదాహరించడం ప్రతి విద్యార్థి నేర్చిన పద్ధతి. మండలం, సూక్తం, ఋక్కు అన్న క్రమంలో ఋగ్వేదాన్ని ఉదాహరిస్తే ముద్రణతో పనిలేదు. గ్రీకు అధ్యయనంలో ప్లేటోను 1578 నాటి స్టెఫానస్ ముద్రణ పుటలతోనూ, అరిస్టాటిల్‌ను 1831లో మొదలైన బెక్కర్ ముద్రణ పుటలతోనూ నేటికీ ఉదాహరిస్తారు. కొత్త ముద్రణలు ఎన్ని వచ్చినా ఆ పాత సంఖ్యలను అంచున ముద్రిస్తూనే ఉన్నారు. ఒక పండిత సమాజం ఒక చిరునామాను ఒప్పుకొని నిలబెట్టుకున్నదనడానికి అది ఉదాహరణ. యంత్రం వారికి ఆ అంగీకారాన్ని ఇవ్వలేదు. వారి అంగీకారాన్నే యంత్రం తరువాత అనుసరించింది.

4. సీమ సాక్ష్యాల పరీక్ష

కర్నూలు, కడప ప్రాంతాల పాఠాలను ఈ కొలతతో పరీక్షిస్తే వాదం స్పష్టమవుతుంది.

కర్నూలు జిల్లా జొన్నగిరి సమీపంలోని ఎర్రగుడి అశోక శాసనాలు మొదటి సాక్ష్యం. అక్కడ పద్నాలుగు ప్రధాన శిలాశాసనాలతో పాటు లఘు శిలాశాసనాలు కూడా ఉన్నాయి. హుల్ట్జ్ 1925లో అశోక శాసన సంపుటిని ప్రచురించిన నాటికి ఎర్రగుడి పాఠం విద్వల్లోకానికి తెలియదు. ఆ తరువాత అది బయటపడినప్పుడు ఏ సంఖ్యనూ మార్చవలసిన అవసరం కలగలేదు. పదమూడవ శాసనం గిర్నారులో, కాల్సీలో, ఎర్రగుడిలో పదమూడవదే. శాసన సంఖ్య, స్థల సంకేతం, పంక్తి సంఖ్య అన్న మూడంచెల చిరునామా కొత్త సాక్ష్యాన్ని కలహం లేకుండా కలుపుకున్నది. ఎర్రగుడి లఘు శాసనంలో కొన్ని పంక్తులు ఎడమ నుంచి కుడికి, మరికొన్ని కుడి నుంచి ఎడమకు సాగుతాయి. అక్కడ పంక్తుల వరుస ఏదన్నదే ఒక వ్యాఖ్యానం. శిల మీద కనిపించే క్రమాన్ని బట్టి యంత్రం సంఖ్య వేస్తే అర్థక్రమం చెడుతుంది. పంక్తికి పేరు పెట్టే పని లిపి చదవగలిగినవారిది కాక మరెవరిది?

కడప జిల్లా రేనాటి చోళుల శాసనాలు రెండవ సాక్ష్యం. ఎరికల్ ముత్తురాజు ధనంజయుని కలమళ్ల శాసనం, ఎర్రగుడిపాడు శాసనం తెలుగు భాషాచరిత్రలో తొలి అధ్యాయానికి ఆధారాలు. కలమళ్ల శాసనాన్ని సాధారణంగా క్రీ.శ. 575 ప్రాంతానికి చెందినదిగా పరిగణిస్తారు. 2008లో తెలుగుకు ప్రాచీన భాష హోదా లభించిన సందర్భంలో ఈ శాసనాల పేర్లు మళ్లీ మళ్లీ వినిపించాయి. ఆ చర్చలలో శాసనం పేరు చెప్పడమే ఎక్కువ. ఫలానా పంక్తి, ఫలానా పదం, ఫలానా చదువు అని చూపడం తక్కువ. ఒక విభక్తి రూపం, ఒక శకటరేఫ, ఒక ‘ఴ’కారం మీద ఆధారపడే వాదంలో మొత్తం శాసనాన్ని చూపడం అంటే ఊరిపేరు చెప్పి ఇల్లు వెదుక్కోమనడమే. ఆ ‘ఴ’ అక్షరానికి యూనికోడ్ తెలుగు పట్టికలో చోటు దొరికింది 2014లో. అంతకుముందు తయారైన డిజిటల్ పాఠాలలో దాని బదులు వేరే అక్షరమో, వేరే గుర్తో ఉండక తప్పదు. పదాన్ని వెదికి పట్టుకోవడం ఆ పాఠాలలో కుదరదు. పంక్తికి ఐడి ఉంటే చదువు మారినా చిరునామా నిలుస్తుంది.

శాసనాల విషయంలో మరొక చిక్కు ఉన్నది. రాతి మీద పంక్తి ముగిసినచోట పదం ముగియదు; పద్యం కూడా ముగియదు. ఎక్స్‌ఎంఎల్ మూలకాలు ఒకదానిలో ఒకటి ఇమడాలే తప్ప ఒకదాన్నొకటి కోసుకొని పోరాదు. అందుచేత పంక్తినీ పద్యపాదాన్నీ రెండింటినీ మూలకాలుగా మూయడం కుదరదు. శాసనాల కోసం టెక్స్ట్ ఎన్‌కోడింగ్ ఇనిషియేటివ్ పద్ధతిని అన్వయించిన ఎపిడాక్ సంప్రదాయం పంక్తి ఆరంభానికి ఒక శూన్య మూలకాన్ని గుర్తురాయిలా పాతుతుంది. ఆ గుర్తురాయికి ఐడి ఇస్తే లంకె పంక్తి మొదలును చూపుతుంది; పంక్తి మొత్తాన్ని చూపాలంటే ఈ గుర్తురాయి నుంచి తరువాతి గుర్తురాయి వరకు అని రెండు కొనలూ చెప్పాలి. పదం రెండు పంక్తులకు చీలినప్పుడు పంక్తి విరిగింది గాని పదం విరగలేదని ప్రత్యేకంగా తెలపాలి. ఇవన్నీ సాంకేతిక వివరాలుగా కనిపిస్తాయి. నిజానికి ఇవి శాసన పరిష్కర్త కలం పట్టిన క్షణం నుంచి చేస్తూ వచ్చిన నిర్ణయాలే.

మూడవ సాక్ష్యం వేమన. కడపలో కొలువు చేసి, పండితులను పోషించి, తాళపత్ర ప్రతులు సేకరించిన సి.పి. బ్రౌన్ 1829లో ప్రకటించిన వేమన సంపుటిలో 693 పద్యాలు ఉన్నాయి. 1839 ముద్రణలో వాటి సంఖ్య 1164కు పెరిగింది. ఒకే సంపాదకుని రెండు ముద్రణల మధ్యనే ఇంత తేడా ఉన్నప్పుడు ‘వేమన, 212వ పద్యం’ అన్న ఉల్లేఖనానికి అర్థం ఏమిటి? తరువాత వచ్చిన సంకలనాలు ఆకారాది క్రమాన్ని పట్టాయి. ఆ క్రమంలో ఒక కొత్త పద్యం చేరితే దాని వెనుక పద్యాల సంఖ్యలన్నీ జరుగుతాయి. ఎక్స్‌ఎంఎల్‌లో మూలకాలను లెక్కపెట్టే సూచనకు ఉన్న జబ్బే అచ్చు వేమనకు కూడా ఉన్నదన్నమాట. పద్యానికి క్రమంతో సంబంధం లేని పేరు ఒకటి ఇచ్చి, ఆ పేరు కింద ఏ ముద్రణలో ఏ సంఖ్య అన్న పట్టికను కట్టడమే దీనికి మందు. ఆ పట్టిక లేనందువల్ల వేమన మీద వచ్చిన పరిశోధనలు ఒకదానితో ఒకటి మాట్లాడుకోలేకపోతున్నాయి.

నాలుగవ సాక్ష్యం ఊరట కలిగించేది. రాజంపేట దగ్గరి తాళ్లపాకకు చెందిన అన్నమాచార్యుల సంకీర్తనలను రాగిరేకుల సంఖ్యతో, రేకులోని సంకీర్తన సంఖ్యతో ఉదాహరించే అలవాటు స్థిరపడింది. రేకు ఒక భౌతిక వస్తువు. సంపుటాలు మళ్లీ ముద్రించినా, రాగం ప్రకారం కూర్చినా, ఎంపిక చేసి అచ్చువేసినా రేకు సంఖ్య మారదు. అన్నమాచార్యులు, పెద తిరుమలాచార్యులు, చిన తిరుమలాచార్యుల రేకులు వేరువేరు గనుక కర్త పేరును చేర్చితే చాలు, చిరునామా పూర్తవుతుంది. దీనిని ఎక్స్‌ఎంఎల్ ఐడిగా మార్చడానికి అంకెకు ముందు ఒక అక్షరం చేర్చడం తప్ప చేయవలసింది లేదు. ఐడి అంకెతో మొదలుకారాదన్నది ప్రమాణం. తెలుగు పరిశోధన తనకు తెలియకుండానే ఒక మంచి శకల సూచికను తయారుచేసుకున్నది. చేయగలదనడానికి ఇంతకంటే నిదర్శనం అక్కరలేదు.

ఇక కైఫీయత్తులు. కాలిన్ మెకంజీ సేకరణలోని కడప ప్రాంత కైఫీయత్తులను కడపలోని సి.పి. బ్రౌన్ భాషా పరిశోధన కేంద్రం సంపుటాలుగా వెలువరించింది. గండికోట, సిద్ధవటం వంటి ఊళ్ల కైఫీయత్తులు ఆ ఊళ్లలోని శాసనాలను ప్రస్తావిస్తాయి, దేవాలయ మాన్యాలను లెక్కిస్తాయి, పాలెగాండ్ల వరుసలు చెబుతాయి. ఇక్కడ లంకె అవసరం అత్యధికం: కైఫీయత్తులోని వాక్యం నుంచి శాసన పంక్తికి, శాసన పంక్తి నుంచి కైఫీయత్తు వాక్యానికి. ఎక్స్‌ఎంఎల్‌లో ఒకే పత్రం లోపల ఐడిని ఐడి పిలిచే లంకెను పరీక్షక సాధనం సరిచూస్తుంది. ఆ పేరు లేకపోతే తప్పని చెబుతుంది. పత్రం దాటి బయటికి పోయే లంకెకు ఆ కాపలా లేదు. అటువైపు పత్రం ఉంచిన సంస్థ మాట మీద నిలబడడం ఒక్కటే దానికి రక్ష. 2001లో సిఫారసైన ఎక్స్‌లింక్ ఒక మేలైన ఆలోచన చేసింది: రెండు పత్రాలను కలిపే లంకెను ఆ రెండింటిలోనూ రాయకుండా మూడవ చోట భద్రపరచవచ్చునని. బ్రౌజర్లు దానిని పెద్దగా ఆదరించలేదు గాని ఆలోచన చెల్లిపోలేదు. కడపలో ఉన్న కైఫీయత్తు పాఠానికీ, మైసూరులోని పురావస్తు శాఖ శాసన విభాగం పాఠానికీ మధ్య లంకెల పట్టికను మూడవ విశ్వవిద్యాలయం తయారుచేయవచ్చు. రెండు పాఠాలలోనూ స్థిరమైన ఐడీలు ఉండాలన్నది మాత్రం తప్పని షరతు.

5. పేరులో అర్థాన్ని నింపరాదు

ఐడి ఇవ్వడానికి పూనుకున్నవారు సాధారణంగా చేసే తప్పు దానిలో సమాచారాన్ని కూరడం: జిల్లా, తాలూకా, ఊరు, రాజు పేరు, సంవత్సరం. ఈ తప్పు ఎంత ఖరీదైనదో సీమ చరిత్రే చెబుతుంది. 1970లో ప్రకాశం జిల్లా ఏర్పడినప్పుడు మార్కాపురం, గిద్దలూరు ప్రాంతాలు కర్నూలు జిల్లా నుంచి వెళ్లిపోయాయి. కడప పేరుకు ఆంగ్ల వర్ణక్రమం 2005లో మారింది. 2010లో జిల్లా పేరే మారింది. 2022 ఏప్రిల్‌లో శ్రీశైలం, అహోబిలం, బనగానపల్లె నంద్యాల జిల్లాకు చేరాయి. ‘కర్నూలు’ అన్న మాట ఐడిలో ఉన్న శ్రీశైల శాసనాన్ని ఇప్పుడు ఏం చేయాలి? పేరు మారిస్తే పాత ఉల్లేఖనాలు తెగుతాయి. మార్చకపోతే చిరునామా అసత్యం పలుకుతుంది. అర్థం లేని సంఖ్యకు ఈ ఇరకాటం రాదు.

ఊరిపేరు కూడా నమ్మదగినది కాదు. ఎఱ్ఱగుడిపాడు, ఎర్రగుడిపాడు, యర్రగుడిపాడు అని ఒకే ఊరిని మూడు విధాలుగా రాస్తారు. ఎక్స్‌ఎంఎల్ ఐడిని సంకేతం సంకేతంగా పోల్చుతుంది. ఱకార రకారాలు సమానమని దానికి తెలియదు. మూడు వర్ణక్రమాలు దానికి మూడు వేర్వేరు చిరునామాలు. తెలుగు అక్షరాలతో ఐడి రాయడానికి ప్రమాణం అడ్డు చెప్పదు. అయితే వెబ్ చిరునామాలో చేరినప్పుడు ఒక్కొక్క తెలుగు సంకేతం తొమ్మిది గుర్తుల గొలుసుగా విడిపోతుంది. ‘కలమళ్ల’ అన్న చిన్న పేరు యాభై నాలుగు గుర్తులవుతుంది. పాఠకునికి కనిపించే పేరు తెలుగులో ఉండాలి. యంత్రం మోసే గుర్తు పొట్టిగా, అర్థరహితంగా ఉండాలి. ఈ రెండింటినీ కలిపేయడం భాషాభిమానం అనిపించుకోదు.

1887 నుంచి వెలువడిన శాసన వార్షిక నివేదికలు ఈ వివేకాన్ని ముందే పాటించాయి. సంవత్సరం, ఆ సంవత్సరంలో వరుస సంఖ్య, అంతే. సంవత్సరం అక్కడ శాసనం వేయించిన కాలం కాదు. నమోదు చేసిన కాలం. అది ఎన్నటికీ మారదు. జిల్లాలు విడిపోయినా, కాలనిర్ణయం తారుమారైనా ఆ సంఖ్య నేటికీ పనికివస్తున్నది.

6. ఆక్షేపణలు, సమాధానాలు

వెదికే సదుపాయం ఉన్నప్పుడు చిరునామా ఎందుకన్నది మొదటి ఆక్షేపణ. వెదకడం పరిశోధకుని పని. చూపడం కూడా పరిశోధకుని పనే. మొదటిది రెండవదానికి బదులు కాదు. సంధి, వర్ణక్రమ భేదం, సందిగ్ధ పాఠం ఉన్నచోట వెదుకులాట ఏది ఇస్తుందో, ఏది దాస్తుందో ఎవరికీ తెలియదు. వెదికితే దొరుకుతుందని చెప్పే వ్యాసకర్త తన సాక్ష్యాన్ని పరీక్షించే భారాన్ని పాఠకుని మీదికి నెట్టుతున్నాడు.

పాఠమే తేలనప్పుడు సంఖ్యలు ఎలా ఇవ్వగలమన్నది రెండవ ఆక్షేపణ. ఇది గంభీరమైనది, అయితే తలకిందులైనది. పాఠం తేలని చోటే స్థిరమైన చిరునామా అవసరం ఎక్కువ. సరిహద్దు తగాదా ఉన్న పొలానికి సర్వే నంబరు ఇవ్వకూడదని ఎవరూ అనరు. తగాదా తీర్చడానికి మొదట కావలసింది ఆ నంబరే. ప్రక్షిప్తమని శంకించిన పద్యానికి ఐడి ఇవ్వడం దానిని వేమన రచనగా ఒప్పుకోవడం అవదు. దాని మీద వాదించడానికి వీలు కల్పించడం అవుతుంది. పద్యం రెండుగా తేలితే పాత పేరును రెండింటికీ తల్లిపేరుగా ఉంచి కొత్తవి రెండు చేర్చాలి. తొలగించిన పద్యం పేరును మరొకదానికి ఇవ్వరాదు. అది ఎందుకు తొలగిందో చెప్పే మాటను ఆ చోటనే నిలపాలి.

ఇది యంత్రంతో చేయించదగిన పని అన్నది మూడవ ఆక్షేపణ. యంత్రం క్షణంలో వేల ఐడీలు ఇవ్వగలదు, నిజమే. పత్రాన్ని మళ్లీ తయారుచేసినప్పుడు అదే యంత్రం వేరే ఐడీలు ఇస్తుంది. అంతేకాదు, ఎక్స్‌ఎంఎల్ మూలాన్ని వెబ్ పుటగా మార్చే దశలో ఐడీలను వెంట తీసుకుపోవాలని ఎవరూ చెప్పకపోతే అవి దారిలోనే రాలిపోతాయి. యంత్రాన్ని వాడుకోవడంలో తప్పు లేదు. ఒకసారి ఇచ్చిన పేరును కాపాడతామన్న మాట మాత్రం సంస్థ ఇవ్వాలి. మాట ఇచ్చే శక్తి యంత్రానికి లేదు.

ఖర్చు నాలుగవ ఆక్షేపణ. ఎక్స్‌ఎంఎల్ సాదా పాఠం. ఏ సాధారణ ఎడిటరులోనైనా రాయవచ్చు. టెక్స్ట్ ఎన్‌కోడింగ్ ఇనిషియేటివ్ 1987 నుంచి మానవీయ శాస్త్రాల విద్వాంసులే నడుపుతున్న కృషి. దాని మార్గదర్శకాలు ఉచితం. కొరత ఉన్నది ధనానికి కాదు, ఈ పనిని పరిశోధనగా గుర్తించే మనసుకు. పద్య సంఖ్యల సమన్వయ పట్టికను సిద్ధాంత వ్యాసంగా ఒప్పుకోని శాఖ, ఆ పట్టిక లేకపోవడం వల్ల పుట్టే తప్పుడు ఉల్లేఖనాల సిద్ధాంత వ్యాసాలకు మాత్రం పట్టాలు ఇస్తూనే ఉన్నది.

7. చేయవలసినది

ఈ వాదాన్ని ఒప్పుకొంటే చేయవలసినవి కొన్నే. 2006లో కడపలో ఏర్పడిన యోగి వేమన విశ్వవిద్యాలయం, 2008లో కర్నూలులో ఏర్పడిన రాయలసీమ విశ్వవిద్యాలయం తమ ప్రాంత పాఠాలకు ఒకే గుర్తింపు విధానాన్ని కలిసి నిర్ణయించాలి. ఐడి ఒక పత్రంలోనే కాక మొత్తం సంచయంలో అద్వితీయంగా ఉండాలి. లేకపోతే కలమళ్ల మూడవ పంక్తీ, ఎర్రగుడిపాడు మూడవ పంక్తీ ఒక పత్రంలో చేరిన రోజున ఒకే పేరు కోసం పోట్లాడుకుంటాయి. వేమన పద్యాలకు ముద్రణల సమన్వయ పట్టిక, రేనాటి శాసనాలకు పంక్తుల స్థాయి పాఠం, కైఫీయత్తులకు మూల సంపుటి పుటల గుర్తులతో వాక్యాల స్థాయి పాఠం మొదట చేపట్టదగినవి. పరిశీలకులు వ్యాసాన్ని చదివేటప్పుడు డిజిటల్ ఆధారాలన్నిటికీ శకల సూచిక అడగాలి. గ్రంథం మొత్తాన్ని చూపే లంకెను ఆధారంగా అంగీకరించరాదు.

దీనివల్ల మొదట మేలు పొందేది సీమ విద్యార్థి. కలమళ్ల శాసనం మీద పనిచేసే కమలాపురం విద్యార్థి అచ్చుప్రతి కోసం మైసూరుకో, మెకంజీ ప్రతుల కోసం చెన్నై ప్రాచ్య లిఖిత గ్రంథాలయానికో పోవలసివస్తున్నది. పోలేనివాడు ఎవరో రాసిన వ్యాసంలోని ఉల్లేఖనాన్ని మళ్లీ ఉల్లేఖిస్తాడు. మూడు చేతులు మారేసరికి పంక్తి సంఖ్య పోతుంది, ఆపై చదువు పోతుంది, చివరకు శాసనం పేరు మాత్రం మిగులుతుంది. శాసన పంక్తిని నేరుగా చూపే ఒక్క లంకె ఆ విద్యార్థినీ, మహానగర ఆచార్యునీ ఒకే సాక్ష్యం ముందు నిలబెడుతుంది. తన ఊరి రాతి మీది మాటను తానే చదివి, తప్పు పట్టి, సరిదిద్దే హక్కు అతనికి దక్కుతుంది. దత్తమండలాలలో పొలం పొలానికీ నంబరు వేసి రెండు శతాబ్దాలు దాటింది. అదే నేల మీద పుట్టిన పాఠాలకు ఆ పని ఇంకా మొదలు కావలసి ఉన్నది.